రాత్రి షిఫ్టు అబ్బాయికి ధర్మవరం నుంచి

నాయనా,

ధ్యానం యాప్ నాలుగు రోజులకే వదిలేశానని, నాలోనే ఏదో లోపముందని రాశావే, ఆ మాట నాకు నచ్చలేదు. పొద్దున అయిదింటికి లేవాలి, గంట ధ్యానం, ఆపైన పరుగు, డైరీ... ఆ పట్టిక తెల్లారి షిఫ్టు దిగి హిందూపురం గదికి చేరేవాడి కోసం రాసింది కాదు. సూపర్‌వైజర్‌తో మాట పడి, ఒళ్లు హూనమై వచ్చిన రోజున కూడా జరిగేదే పెట్టుకో. పడుకోవడానికి ఆరు గంటల ముందే టీ ఆపెయ్. కిటికీకి మందపాటి దుప్పటి కట్టు. లేచాక ఓ పావుగంట ఎండలో నడువు. ఇవి చాలు.

అసలు సంగతి ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశావు: అప్పు ఉంది, నాయనకు చెప్పొద్దని. నిద్రను తింటున్నది అది. యాప్ ఏం చేస్తుంది దానికి?

నేను గుంత మగ్గం మీద బతికినదాన్ని. పొద్దస్తమానం కూర్చున్నా మనసు చెడేది కాదు. వానలకు గుంతలో నీళ్లూరి పని ఆగితే, పట్టు ధర పెరిగి సేటు దగ్గర బాకీ పేరుకుంటే అప్పుడు చెడేది. మన ఊళ్లో ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ల ఇళ్లకు పలకరింపుకు పోయాను. "ఇంత అప్పుందని నాతో అననే లేదక్కా" అని ఆడవాళ్లు ఏడ్చేది ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెద్ద అంచు చీరకు పక్కన ఇంకొకరు కూర్చుని నాడె అందుకోవాలి. ఇంటి గుట్లన్నీ మేం ఆ మనిషితోనే చెప్పుకునేవాళ్లం. పవర్‌లూమ్ చప్పుడులో ఆ మాటలు పోయాయి. 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్ల తయారీ మొదలయ్యాక మన పిల్లలు చాలామంది షిఫ్టుల బతుకులోకి వచ్చారు. గదిలో నలుగురున్నా ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు. అందుకే చెప్తున్నా, రోజుకు ఒక్క మనిషితోనైనా ఉన్నదున్నట్టు మాట్లాడు. ధ్యానం చేయకపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం మానొద్దు.

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరును చూడాల్సిందే. 14416కి ఫోన్ చేస్తే మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలిమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైంది, పైసా అక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, ఆ నిమిషమే చెయ్యి, నాకూ చెయ్యి. హిందూపురంలో రైలెక్కితే బెంగళూరు, అక్కడ మనసు జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. "పిచ్చాసుపత్రికి పోయాడంటారు" అని రాశావు, అననీ. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనసు జబ్బుకూ ఒంటి జబ్బుతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలి. కంపెనీ కార్డు ఓసారి తీసి చదువు.

ఈ ఆదివారం ధర్మవరం రా. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఫోన్ యాప్‌లవి కూడా వదలకుండా కాగితం మీద రాసుకుని రా. మీ నాయనను నేను పిలిపిస్తా, పక్కనే కూర్చుంటా. లెక్క మాత్రం నువ్వే చదవాలి.

మీ పెద్దమ్మ