ఆకలి కబురు - ‘నేను’ అనే రాజు

రోజాదారుడు మధ్యాహ్నం వేళ ‘నాకు ఆకలిగా ఉంది’ అంటాడు. అన్నం ఎదురుగా ఉన్నా ముట్టడు. ఆకలి అతనిదే, ఆకలిని కాదన్నదీ అతనే. మరి ఈ ఇద్దరిలో ‘నేను’ ఎవరు?

ముందు శరీరం సంగతి చూద్దాం. మన మెదడు బయటి లోకాన్నే కాదు, లోపలి లోకాన్ని కూడా అనుక్షణం కనిపెట్టుకొని ఉంటుంది. గుండె వేగం, కడుపు స్థితి, రక్తంలోని ఉప్పు శాతం, అన్నింటి కబుర్లూ నరాల ద్వారా, రక్తం ద్వారా దానికి చేరుతుంటాయి. నీరు తగ్గి రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడినా చాలు, మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ దాహం పుట్టిస్తుంది. ఇఫ్తార్‌లో నాలుగు గుక్కలు తాగగానే ప్రాణం లేచి వస్తుంది కదా! నిజానికి ఆ నీరు రక్తంలో పూర్తిగా కలవడానికి ఇంకా చాలా నిమిషాలు పడుతుంది. గొంతు, కడుపు పంపిన కబురుతోనే మెదడు దాహాన్ని ముందుగా తగ్గించేస్తుంది. ఈ లోపలి కబుర్లు ఇన్సులా అనే భాగంలో కలుస్తాయి. ‘నేను’ అనే భావానికి పునాది శరీరపు కబుర్లేనని ఆంటోనియో డమాసియో వంటి నాడీ శాస్త్రవేత్తలు అంటారు.

వెయ్యేళ్ళ క్రితమే ఇబ్నె సీనా (980-1037) ఈ ప్రశ్నను మరో విధంగా వేశారు. ఒక మనిషి గాలిలో వేలాడుతున్నాడు. ఏమీ చూడడు, వినడు, అవయవాలు ఒకదానికొకటి తగలవు. అయినా ‘నేను ఉన్నాను’ అని అతనికి తెలుస్తుందని ఆయన వాదన. అప్పుడు కూడా గుండె చప్పుడు కబురు లోపల అందుతూనే ఉంటుంది కదా అని నేటి శాస్త్రం అడగవచ్చు. శాస్త్రం కబురు వచ్చే దారిని చూపింది. వినేవాడు ఎవరన్న చోట, రూహ్ గురించి మనకిచ్చిన జ్ఞానం స్వల్పమని బనీ ఇస్రాయీల్ సూరా (85) గుర్తుచేస్తుంది.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) శరీరాన్ని రాజ్యంతో, ఖల్బ్‌ను రాజుతో, ఇంద్రియాలను వేగులతో పోల్చారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. వేగునే గద్దె మీద కూర్చోబెడితే అది నఫ్సె అమ్మారా పాలన. వేగు నోరు నొక్కేస్తే రాజ్యానికే ముప్పు.

ఈ రెండో పాఠాన్ని మనం తరచు మరుస్తాం. 2008 నుంచి శంషాబాద్ విమానాశ్రయం మీదుగా మన పెద్దలు రమజాన్‌లో ఉమ్రాకు బయలుదేరుతున్నారు. జిద్దా పడమరన ఉంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. హైదరాబాద్‌లో మగ్రిబ్ అయినా, విమానం కిటికీలో సూర్యుడు కనిపిస్తున్నంతసేపు ఇఫ్తార్ కాదు. అంటే రోజా సాగిపోతుంది. ఇంటి దగ్గర రోజా మొదలుపెట్టి బయలుదేరినవారు అకారణంగా దాన్ని విరమించరాదు, నిజమే. కాని షుగర్ ఉన్న అమ్మకో, నాన్నకో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అది నఫ్స్ కోరిక కాదు. రక్తంలో చక్కెర పడిపోతోందన్న కబురు. వెంటనే తీపి ఇవ్వాలి. ఆ రోజాను తర్వాత ఖజా చేసుకోవచ్చు. రోగికీ, ప్రయాణికుడికీ బఖరా సూరా (185) సడలింపు ఇచ్చింది. బయలుదేరే ముందే డాక్టరునూ, ఆలిమ్‌నూ అడగండి.

ప్రతిరోజూ ఉపవాసముంటూ, రాత్రంతా నమాజులో గడిపే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు దైవప్రవక్త (సల్లం) శరీరానికి కూడా మనపై హక్కుందని బోధించారు. ‘ఏదైనా తింటే బాగుండు’ అన్నది కోరిక, దాన్ని ఆపుదాం. ‘నిలబడలేకపోతున్నాను’ అన్నది అమానత్ పెట్టే మొర, దాన్ని విందాం. ఈ తేడా తెలిసిన దాసుడే తన నఫ్స్‌ను గుర్తించినవాడు.

అల్లాహ్ మనందరికీ ఆ వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.