గ్రహణపు నమాజు - గణితపు లెక్క

సూర్యగ్రహణము ఏ నాడు, ఏ గంటకు, ఏ నిమిషమునకు పట్టునో పంచాంగము ముందుగానే చెప్పుచున్నది. చెప్పిన గడియకే అది పట్టి, చెప్పిన గడియకే విడుచుచున్నది. మరి అటువంటి దానికి మసీదులో ప్రత్యేక నమాజు ఎందుకు? విజ్ఞానశాస్త్రము చదువుకొనుచున్న విద్యార్థికి ఈ సందేహము కలుగుట సహజము. అట్లు అడిగినవానిని కొందరు పెద్దలు ధర్మములో తర్కము పనికిరాదని గద్దించుటయు, ఆ గద్దింపునకు లోలోన నొచ్చుకొన్న విద్యార్థి క్రమముగా గ్రంథమునకే దూరమగుటయు మనము ఎరుగనివి కావు. ప్రశ్న చిన్నదే. అయినను పవిత్ర గ్రంథముపై విశ్వాసమునకు, స్వబుద్ధితో చేయు విచారణకు గల సంబంధమంతయు ఇందులో ఇమిడియున్నది. కనుక దీనినే పట్టుకొని కొంత పరిశీలింతము.

హిజ్రీ 10వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 632 జనవరిలో, మదీనా నగరమున దైవప్రవక్త ముహమ్మద్ (స.అ.సం.) వారి పసికుమారుడు ఇబ్రాహీం మరణించినాడు. అదే దినమున సూర్యగ్రహణము పట్టినది. ఆకాశము కూడ ఆ బిడ్డ కొరకు దుఃఖించుచున్నదని జనులు చెప్పుకొనసాగిరి. ప్రవక్త వారి మహిమను చాటుటకు ఇంతకంటె అనువైన మాట మరొకటి ఉండదు. వారు మౌనముగా ఉన్నను చాలును, ఆ నమ్మకము దానంతట అదే వ్యాపించెడిది. కాని పుత్రశోకములో ఉండియు వారు ఆ మాటను అంగీకరింపలేదు. సూర్యచంద్రులు దైవసూచనలనియు, ఒకరి చావు వలన గాని పుట్టుక వలన గాని వాటికి గ్రహణము పట్టదనియు వివరించి, గ్రహణమును చూచినపుడు ప్రార్థన చేయవలెనని బోధించినారు. బుఖారీ, ముస్లిం హదీసు సంకలనములు రెండింటిలోను ఇది ఉన్నది. మూఢనమ్మకమును తోసివేయుటయు, నమాజును విధించుటయు ఒకే సందర్భమున జరిగినవని మనము గమనింపవలెను.

ఇక మన ప్రాంతము సంగతి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగునేల మీదుగా సాగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల నుండి శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించుచుండగా, ఊళ్లలో వీధులు నిర్మానుష్యమై, తలుపులు మూతబడినవి. గర్భిణి కత్తి పట్టరాదు, వండిన కూర తినరాదు అను నియమములు నేటికిని మతభేదము లేక ఇంటింట ఉన్నవి. ముస్లిము కుటుంబములలో వీటిని దీన్‌లో భాగమనుకొనువారు కలరు. మదీనాలో బోధింపబడినది నమాజు, దానధర్మము, దైవస్మరణ. కత్తిపీట మాట అందులో లేదు. గ్రంథమును ప్రశ్నించుచున్నామని మనము భయపడు సందర్భములలో, పెక్కుసార్లు ప్రశ్నకు గురియగుచున్నది గ్రంథము కాదు, మన అమ్మమ్మ నాటి ఆచారము.

ఈ విషయమున స్పష్టముగా మాటాడినవారు ఇమాం గజాలీ (1058-1111). ఆయన బాగ్దాదులోని నిజామియా విద్యాలయమున ఆచార్యులు. (హైదరాబాదులోని నిజామియా వేధశాలకు, దీనికి పేరు కలిసినది గాని సంబంధము లేదు.) తత్త్వవేత్తలను ఖండించుటకై వ్రాసిన 'తహాఫుతుల్ ఫలాసిఫా' గ్రంథపు పీఠికలోనే ఆయన గ్రహణముల ప్రస్తావన తెచ్చినారు. సూర్యునికి, మనకు నడుమ చంద్రుడు వచ్చుట వలన సూర్యగ్రహణము, సూర్యచంద్రుల నడుమ భూమి వచ్చుట వలన చంద్రగ్రహణము కలుగునని చెప్పి, మతము పేరిట దీనిని ఖండించువాడు మతమునకే హాని చేయుచున్నాడని హెచ్చరించినారు. ఆయన చూపిన కారణము నేటికిని ఆలోచింపదగినది. గణితముతో రుజువైనది తెలిసిన మనుష్యునితో అది ధర్మవిరుద్ధమని చెప్పినచో, అతడు గణితమును సందేహింపడు, ధర్మమునే సందేహించును.

అయితే నమాజు మాట ఏమి? మధ్యాహ్నమున, సూర్యాస్తమయమున నమాజును విధించిన ధర్మము గ్రహణ సమయమున విధించుటలో వింత ఏమున్నదని ఆయన సమాధానము. నిజమే. మగ్రిబ్ వేళ ఏ నిమిషమునకు వచ్చునో మసీదు గోడకు తగిలించిన పట్టికలో ఏడాది ముందే అచ్చై ఉన్నది. అంతమాత్రమున మగ్రిబ్ నమాజు ఎందుకని ఎవరును అడుగుట లేదు. 2027 ఆగస్టు 2న మక్కా నగరము మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణము సాగనున్నది. చీకటి సుమారు ఐదు నిమిషములుండునని ఇప్పటికే లెక్క తేలినది. ఆ లెక్క తెలిసినవాడు కూడ ఆ చీకటిలో నిలిచి నమాజు చేయుటలో వైరుధ్యము లేదు. ఎప్పుడు, ఎట్లు జరుగునో చెప్పుట లెక్క పని. దాని ఎదుట మనిషి ఎట్లు నిలువవలెనో చెప్పుట ధర్మము పని.

ఇమాం గారు అంతటితో ఆగలేదు. దైవము ఒక వస్తువునకు ప్రత్యక్షమైనపుడు అది వినమ్రమగునని, గ్రహణమునకు అదియే కారణమన్నట్లుగా, పై హదీసునకు ఒక అదనపు వాక్యము కొందరు చేర్చి చెప్పుచుండిరి. ఆ వాక్యపు పరంపర నమ్మదగినది కాదని ఆయన తీర్పు. ఒకవేళ అది సరియైనదే అయినను, నిస్సంశయముగా రుజువైన దానిని కాదనుట కంటె ఆ వాక్యమునకు అలంకారార్థము చెప్పుకొనుటయే మేలన్నారు. మొదట ఆ మాట నిజముగా గ్రంథమునదేనా అని విచారించుట, పిదప దాని అర్థము ఇదేనా అని విచారించుట: ఈ రెండు మెట్లు ఎక్కక మునుపే గ్రంథమునో, బుద్ధినో త్రోసివేయుట తొందరపాటు.

బుద్ధికి సైతము ఆయన హద్దు గీచినారు. 'అల్ మున్ఖిజ్' అను స్వీయచరిత్రలో, కన్నులకు నాణెమంత కనిపించు నక్షత్రము లెక్కలో భూమి కంటె పెద్దదని తేలుచున్నపుడు ఇంద్రియములను నమ్ముట ఎట్లని తాము సందేహించి, ఆ పిదప బుద్ధిని కూడ సందేహించి, సుమారు రెండు నెలలు మథనపడిన సంగతి వ్రాసినారు. అంతటి సందేహము అనుభవించినవారు కనుకనే గణితము చదువువారికి గల ప్రమాదమును గుర్తింపగలిగినారు. గ్రహణపు లెక్క తప్పనివాడు దేవుని గురించి చెప్పినది కూడ తప్పదనుకొనుట ఆ ప్రమాదము. ఒక విద్యలోని ప్రామాణ్యమును మరొక విద్యకు అరువు ఇచ్చుట మన తరగతి గదులలో నేడును కలదు.

ఆయన తత్త్వఖండనకు ప్రతిఖండన వ్రాసినవాడు కార్డోబాకు చెందిన ఇబ్నె రుష్ద్ (1126-1198). స్వయముగా ఖాజీ పదవిలో ఉండినవాడు. లోకపు అనాదిత్వము మొదలగు విషయములలో గజాలీ వారిని గట్టిగా ఎదిరించినాడు. ఒక సత్యము మరొక సత్యమును ఖండింపదు గనుక, రుజువైన విషయమునకు గ్రంథపు పైపై అర్థము విరుద్ధముగా తోచినచో లోపలి అర్థమును వెదకవలెనని ఆయన సిద్ధాంతము. ఆ అర్థము అరబ్బీ భాషా సంప్రదాయమునకు లోబడియుండవలెనను నియమమును మాత్రము విడువలేదు. నేడు ప్రతి కొత్త ఆవిష్కరణమును గ్రంథములో ముందే ఉన్నదని చూపు ఉత్సాహవంతులు ఈ నియమమును గుర్తుంచుకొనుట మంచిది. శాస్త్రము రేపు తన మాట మార్చుకొనవచ్చును. అప్పుడు చిక్కులో పడునది ఎవరు?

ఇంకను తెగని వివాదము నెలవంకది. నెలవంకను చూచి ఉపవాసములు ప్రారంభింపవలెనను ఆదేశములో చూచుట లక్ష్యమా, సాధనమా అని పండితులకు భిన్నాభిప్రాయములు కలవు. తుర్కియే దేశము లెక్కనే అనుసరించుచున్నది. ఉత్తర అమెరికా ఫిఖ్హ్ మండలి 2006లో ఆ మార్గమునే స్వీకరించినది. మన దేశమున హిలాల్ కమిటీలు సాక్ష్యముపై ఆధారపడుచున్నవి. చంద్రుడు ఎప్పుడు అస్తమించునో లెక్క నిశ్చయముగా చెప్పును గాని, కంటికి కనిపించుట గాలి, మబ్బు, చూచువాని చూపు మీద కూడ ఆధారపడును. కాబట్టి చూపును పూర్తిగా తీసివేయవలెనని మనము అనజాలము. డమాస్కస్‌లో ప్రధాన ఖాజీగా ఉండిన తఖీయుద్దీన్ సుబ్కీ (మరణము 1355) మధ్యమార్గము చూపినారు. చంద్రదర్శనము అసాధ్యమని లెక్క నిశ్చయముగా తేల్చిన సాయంకాలము ఎవరైన చూచితిమని వచ్చినచో, ఆ సాక్ష్యమును తిరస్కరింపవలెనన్నారు. తోటి పండితులలో పలువురు దీనిని ఒప్పుకొనలేదు. మనకు మాత్రము ఇది గజాలీ వారి పద్ధతికి దగ్గరగా తోచుచున్నది. అచట ఉల్లేఖకుని తూచినారు, ఇచట సాక్షిని తూచినారు.

సూర్యాస్తమయము తరువాత చంద్రుడు ఎన్ని నిమిషములు ఆకాశమున నిలుచునో లెక్కించుట డిగ్రీ విద్యార్థికి మించిన పని కాదు. కళాశాల కమిటీ వారు అనుమతించినచో, షాబాన్ నెలలోనే మన భౌతికశాస్త్ర విద్యార్థులు ఆ పట్టికను ఉర్దూ, తెలుగు భాషలలో సిద్ధపరచి పట్టణములోని మసీదులకు అందజేయవచ్చును.