మెయిల్ కొట్టేముందు ఒకసారి లేచి వెళ్లు

ఇచ్ఛాపూర్, సూరత్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులతో రాయునది.

నిన్న అక్క ఫోన్ చేసింది. పరవాడలో ఉద్యోగంలో చేరి మూడు నెలలన్నా కాలేదు, అప్పుడే మెయింటెనెన్స్ ఆయనతో మెయిళ్లలో యుద్ధం మొదలెట్టావట. ఆయన కూర్చునేది మీ పక్క బిల్డింగులోనేనట! తిడదామనుకున్నాను గానీ, ఆ ఘనకార్యం ఒకప్పుడు నేనూ చేసినవాణ్ణే.

ఇక్కడి హజీరా రోడ్డులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు చూస్తున్న రోజులవి. పంపు సీల్ కారుతోందని మెకానికల్ ఆయనకి రెండుసార్లు రాసి పంపినా పని కాలేదు. ఒళ్లు మండి, ఇంగ్లీషులో పొడుగాటి మెయిల్ రాసి, మేనేజర్ని సీసీలో పెట్టి కొట్టాను. మర్నాడు క్యాంటీన్లో ఆ మెకానికల్ భాయ్ నన్ను చూసి, పళ్లెం పట్టుకుని వేరే బల్లకి వెళ్లిపోయాడు. వారం తర్వాత స్టోర్స్‌లో తెలిసింది: ఆ సైజు సీల్ స్టాకులోనే లేదు, దానికోసం ఆయన రోజూ తిరుగుతున్నాడు. వెళ్లి అడిగుంటే టీ చల్లారేలోపు తేలిపోయేది. ఆయన నాతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి ఆర్నెల్లు పట్టింది.

మెయిల్‌కి గొంతు ఉండదురా. నువ్వు మర్యాదగా రాసినా అవతలివాడు విసుగ్గా చదివితే అది విసుగే. పైగా అందరూ మెయిల్ చూసేవాళ్లు కారు. మా షిఫ్టులో గంజాం నుంచి వచ్చిన ఒడియా కుర్రాళ్లుండేవారు. వాళ్లకి నా ఇంగ్లీషు కన్నా, వాల్వు దగ్గర నిలబడి వచ్చీరాని హిందీలో చెప్పిన మాటే పనికొచ్చేది.

అలాగని అంతా నోటిమాట మీద వదిలెయ్యకు. అంకెలు, తేదీలు, అనుమతులు రాతలోనే ఉండాలి. 2000లో వచ్చిన ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకి కూడా చట్టబద్ధత ఇచ్చింది. రేపు ఏదైనా తేడా వస్తే 'నేను చెప్పాను' అంటే ఎవరూ వినరు.

ప్రాణాల మీదికొచ్చే పనైతే రెండూ కావాలి. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక ఉండేది. 1988 జూలై 6న మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పారు. ఆ సంగతి రాసిన పర్మిట్ కాగితం ఉంది. రాత్రి షిఫ్టువాళ్ల చెవిన మాత్రం ఎవరూ వెయ్యలేదు. రెండో పంపు ఆగిపోతే వాళ్లు వాల్వు విప్పిన ఆ పంపునే నడిపారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు. ఇది చదివాక నేను లాగ్‌బుక్ రాసినా, వచ్చేవాడి ముఖం చూసి చెప్పకుండా ఏ రోజూ షిఫ్టు దిగలేదు.

నువ్వు చెయ్యాల్సింది చిన్న పనే. ముందు వెళ్లి మాట్లాడు. తర్వాత రెండు లైన్ల మెయిల్ పెట్టు: 'ఇందాక అనుకున్నట్టు సీల్ గురువారం వస్తుంది, అప్పటిదాకా రెండో పంపు నడుపుతాం.' మెచ్చుకోలైతే మాత్రం ముందే రాయి, వాళ్ల పైవాళ్లని సీసీలో పెట్టి మరీ.

రేపు పొద్దున కంప్యూటర్ తెరవకముందే ఆయన దగ్గరికి వెళ్లు. తప్పు సగం నీదేనని ఒప్పుకో. ఏమన్నాడో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య