ఏజెన్సీ దారుల పాత జీపు: విప్పిన రోజు నుంచి రోడ్డెక్కే దాకా

ఖమ్మం నుంచి పాల్వంచ, భద్రాచలం మీదుగా చర్ల వైపు వెళ్తే వాగులు, గుట్టలు, బురద బండి ఓర్పును పరీక్షిస్తాయి. 1923 నుంచి 24 గంటల పందెం జరుగుతున్న లె మాన్స్‌లో పరుగెత్తిన కార్లను బాగుచేసేటప్పుడు అసలు లోహాన్ని వీలైనంత నిలబెడతారు. మన పాత మహీంద్రా సీజే-3బి జీపుకూ ఆ మర్యాద దక్కాలి.

1. పుట్టుక: చాసిస్, ఇంజన్ నంబర్లను ఆర్సీతో సరిచూడండి. విల్లీస్ 1953లో తెచ్చిన ఈ మోడల్‌ను మహీంద్రా లైసెన్సుతో ఇక్కడ తయారుచేసింది. ఎత్తైన బానెట్ కింద 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉండటం దీని ప్రత్యేకత. చాలా బళ్లలో దీన్ని తీసేసి డీజిల్ ఇంజన్ బిగించారు. మీ బండిలో అసలుది మిగిలి ఉంటే వదులుకోకండి.

2. విప్పడం: ముందు ఫొటోలు తీయండి. బోల్టులను విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాయండి. తుప్పుపట్టిన నట్టుకు రాత్రే ఆయిల్ పట్టించి, పొద్దున పానా వేయండి.

3. టింకరింగ్: 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అలాంటి వరదలో మునిగిన బండైతే మడతల్లో ఒండ్రు దాగి రేకును లోపలి నుంచి తింటుంది. సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే గట్టి రేకు, మొద్దుగా మోగితే పుచ్చినది. పుచ్చినంత మేరే కోసి, అదే మందం రేకు వెల్డింగ్ చేయించండి.

4. ఇంజన్: స్టార్ట్ చేసే తొందర వద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో ఆయిల్ పోసి, చేత్తో తిప్పి చూడండి. బోర్ అరిగితే లేత్ షాపులో రీబోర్ తప్పదు. నీటి దారుల్లోని తుప్పు కడిగించండి. హెడ్డు బోల్టులు నడిమి నుంచి అంచులకు బిగించాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ గ్యాప్ ఇన్‌లెట్‌కు 18 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్‌కు 16 థౌ.

5. బ్రేకులు, వైరింగ్: ఇక్కడ పాతదనం మీద మమకారం పనికిరాదు. రబ్బర్లు, హోస్‌లు, తీగలు కొత్తవే వేయాలి.

6. పరీక్ష: ముందు ఆయిల్ ప్రెషర్ చూడండి. తర్వాత ఫోర్ వీల్ లో గేర్‌లో గుట్ట ఎక్కించండి. వాగు దాటాక డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే.

7. కాగితాలు: 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. గడువు 10 ఏళ్లు. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి పనికిరాదు.

చేసిన ప్రతి మరమ్మతునూ తేదీతో నోటుబుక్కులో రాసి బండిలోనే ఉంచండి. రేపు దాన్ని విప్పే మెకానిక్‌కు ఏది అసలుదో, ఏది మీరు మార్చిందో తెలియాలి.