క్షురకత్తి: క్రొత్తగా నేర్చువారికిని, నేర్పించువారికిని పాఠము

1. ప్రస్తావన

జంషెడ్పురము ఉక్కు వలన పుట్టిన పట్టణము. 1907వ సంవత్సరమున టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపింపబడెను. సాక్చి గ్రామమున నిర్మింపబడిన కర్మాగారమున 1912లో తొలి ఉక్కు పోతపోయబడెను. 1919లో ఆ స్థలమునకు జంషెడ్పురమను పేరు కలిగెను. పనికై వచ్చిన పలుభాషలవారితోపాటు ఆంధ్రదేశపు ఉత్తరజిల్లాల తెలుగువారును అచ్చట స్థిరపడిరి. సాక్చికి చేరువనున్న భాలుబాసా శ్రామికులు నివసించు పేటలలో నొకటి.

ఇట్టి పేటలో గడ్డము గీసికొనుట కేవలము అలంకారము గాదు. ధూళినుండియు, చెడుగాలినుండియు రక్షించుటకై ముఖమున కంటుకొనియుండు ముసుగులను ధరింపవలసిన పనులు ఉక్కు కర్మాగారములలో కలవు. ముసుగు చర్మమున కానుచోట వెండ్రుకలుండినచో సందు ఏర్పడి ధూళి లోనికి చొచ్చును. కావున పనివాడు తఱచుగా గడ్డము గీసికొనవలసియుండును. ఇంటనో, వీధిలోని దుకాణముననో ఆ పని జరుగును. రెండుచోట్లను కత్తి యొకటియే యైనను, అపాయము ఒకటి గాదు. ఆ భేదమును తెలుపుటయే ఈ పాఠమున కుద్దేశము.

2. కత్తి స్వభావము

పిడిలోనికి మడచునట్టి పొడవైన కత్తిని తెలుగున మంగలికత్తి యనియు, హిందీలో ఉస్తరా యనియు అందురు. దీని మందమైన భాగము వెన్ను. పదునైన భాగము వాదర. మంచి కత్తులు కర్బనము హెచ్చుగా గల ఉక్కుతో చేయబడును. ఆ ఉక్కు చక్కగా పదునెక్కును గాని తేమ సోకినంతనే త్రుప్పుపట్టును. కావున వానకాలమున తుడువక మడచియుంచిన కత్తి కొలదిదినములలోనే చెడును. క్రొత్తగా నేర్చువాడు కొన గుండ్రముగా నున్న కత్తిని కొనుట మేలు; మొనతేలిన కొన చెవిక్రిందను, ముక్కుప్రక్కను గ్రుచ్చుకొనును. అంగడినుండి వచ్చిన కత్తి యెల్లప్పుడును గీయుటకు సిద్ధముగా నుండదు. దానిని తెలిసినవానిచేత సానపట్టించి పిమ్మట వాడవలయును. పదునులేని కత్తియే హెచ్చుగా గాయపఱచును; ఏలయన చేయి బలము పెట్టును.

3. తోలుపట్టె

సానరాయి పదునును పుట్టించును. తోలుపట్టె దానిని నిలుపును. సాన కొన్ని నెలలకొకసారి చాలును. తోలుపట్టె మాత్రము గీయుటకు ముందు ప్రతిసారియు కావలయును. పట్టెను బిగువుగా లాగిపట్టి, కత్తిని దానిపై చదునుగా నుంచి, వెన్ను ముందునకును, వాదర వెనుకకును ఉండునట్లు నడుపవలయును. చివరకు వచ్చినప్పుడు కత్తిని పైకెత్తక, వెన్నుమీదనే త్రిప్పి మరలింపవలయును. వాదర ముందుగా నడచినచో తోలు తెగును, పదునును పోవును. ముప్పది మొదలు ఏబది పర్యాయములు మెల్లగా నడుపుట చాలును. వేగము నేర్పు గాదు.

4. గీయు విధము

వెండ్రుక నీటిని పీల్చి మెత్తబడును. కావున వేడినీటితో ముఖమును కడిగి, రెండుమూడు నిమిషములు తడిగా నుంచి, సబ్బునురుగు దట్టముగా పట్టింపవలయును. ఒకచేత చర్మమును బిగువుగా లాగి, కత్తిని చర్మమునకు సుమారు 30 డిగ్రీల కోణమున నిలుపవలయును. వెన్ను మందమునకు కొంచెము మించిన యెడము వెన్నుకును చర్మమునకును మధ్య నుండిన చాలును. కోణము తగ్గినచో వెండ్రుకలు పీకబడును. హెచ్చినచో చర్మము తెగును. వెండ్రుకలు పెరుగు దిక్కుననే, చిన్నచిన్న గీతలుగా, బలము పెట్టక నడుపవలయును. కత్తిని వాదర నిడివి వెంబడి ఎన్నడును జరుపరాదు. కూరగాయ తఱుగునట్లే చర్మమును తెగగలదు.

మొదటి రెండు వారములు చెంపలుమాత్రమే ఈ కత్తితో గీసి, తక్కినభాగమును మామూలు రేజరుతో ముగించుట యుక్తము. చెంపలపై చేయి కుదిరిన పిమ్మట దవడకును, అటుపిమ్మట గొంతునకును, కడపట పైపెదవికిని చుబుకమునకును పోవలయును. రాత్రిపని ముగించి నిద్రమత్తుతో వచ్చినవాడును, పనివేళ మించుచున్నదని తొందరపడువాడును ఆ పూటకు కత్తిని ముట్టరాదు. ముగించిన పిమ్మట కత్తిని కడిగి, పొడిగుడ్డతో వెన్నునుండి వాదరవైపునకు తుడిచి, ఆరనిచ్చి, నూనెచుక్క రాచి దాచవలయును.

5. గాటు పడినచో

శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషములు అదిమిపట్టిన చిన్నగాటు రక్తము నిలుచును. పావుగంటకును నిలువనిచో వైద్యశాలకు పోవలయును. రక్తము పలుచనగుటకు మందు పుచ్చుకొనువారును, మధుమేహము గలవారును వైద్యుని అడిగియే ఈ విద్య నారంభింపవలయును. మొటిమలు, పులిపిరులు, చీముపొక్కులు ఉన్నచోట గీయరాదు. కత్తి వానిని ముఖమంతటను వ్యాపింపజేయును. ధనుర్వాతపు టీకా కాలము మించకుండ చూచుకొనుట అందఱికిని మంచిది.

6. కంటికి కనబడని అపాయము

ఇంటనుండు మనుష్యుని కత్తి అతని చర్మమునే కోయును. దుకాణములోని కత్తి ఒకని రక్తమును మఱియొకనికి చేర్పగలదు. కాలేయమునకు సోకు హెపటైటిస్ బి అను వ్యాధియొక్క విషక్రిమి శరీరము వెలుపల ఏడుదినములైనను బ్రతికియుండగలదు. రక్తపుచుక్క కంటికి కనబడనంత చిన్నదైనను చాలును. హెపటైటిస్ సి వ్యాధియు రక్తమువలననే సోకును. మొదటిదానికి టీకా కలదు. రెండవదానికి టీకా లేదు గాని, కుదుర్పగల మందులు నేడు లభించుచున్నవి. ఉభయములును పలుసంవత్సరములు బాధ తెలియనీయక లోన దాగియుండి కాలేయమును చెఱుపగలవు. కావుననే ఎవనికి ఎచ్చట సోకెనో తఱచుగా తేలదు.

కత్తిని శుభ్రపఱచినచో చాలదా యని పలువు రడుగుదురు. చిక్కంతయు నిచ్చటనే కలదు. క్లోరిను నీరు విషక్రిములను చంపును గాని కర్బనపు టుక్కును తినివేయును. మంటపై కాల్చినచో వాదర పదను చెడును. స్పిరిటుతో పైపైన తుడిచిన శుద్ధి నమ్మదగినది గాదు. వైద్యశాలలోని ఆవిరియంత్రము ఆ పని చేయగలదు గాని, అది వీధిదుకాణమున నుండదు. కత్తి యొకవేళ శుద్ధియైనను తోలుపట్టె శుద్ధిగాదు: తోలును కాచుటకును వీలులేదు, మందునీట ముంచుటకును వీలులేదు. నిన్నటి రక్తము సోకిన పట్టెపై నేటి శుభ్రమైన కత్తి నడచినచో ఫలమేమి? ఒక ముఖమునుండి మఱియొక ముఖమునకు రాయబడు పటికబిళ్లయు నిట్టిదే. కుంచెయు నిర్దోషి గాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున గుఱ్ఱపువెండ్రుకల కుంచెలవలన ఇంగ్లండు, అమెరికా దేశములలో సైనికులకు ఆంథ్రాక్సు వ్యాధి సోకెను.

కావున తేలిన నియమ మొక్కటే: పట్టెతో పదునుపెట్టు కత్తి ఒక్క మనుష్యుని సొత్తుగానే యుండవలయును. తండ్రి కత్తిని కొడుకును, అన్న కత్తిని తమ్ముడును వాడరాదు.

7. అధికారులు గమనింపదగినవి

దుకాణమున కత్తిపనిని మాన్పింపనక్కఱలేదు. మార్చదగిన బ్లేడుగల కత్తిపిడి చౌకగా దొరకును. ఒక్కొక్కరికి క్రొత్త అరబ్లేడు తొడుగుట చాలును. తనిఖీకి పోవువారు నేలను, అద్దమును చూచి మరలక, ఈ యైదింటిని అడుగవలయును: బ్లేడు వచ్చినవాని యెదుటనే మార్చబడుచున్నదా? పట్టె యింకను గోడకు వ్రేలాడుచున్నదా? పటిక బిళ్లగా రాయబడుచున్నదా, లేక పొడిచేసి ఒక్కొక్కరికి వేఱుగా ఈయబడుచున్నదా? బ్లేడు తొడుగు పిడి ప్రతిసారియు కడుగబడుచున్నదా? వాడిన బ్లేడులు మూతగల గట్టిడబ్బాలో పడుచున్నవా? కడపటి ప్రశ్న దుకాణదారునికొఱకు గాదు. చెత్త నెత్తు పారిశుధ్యపు పనివాని చేతులకొఱకు.

క్షౌరవృత్తివారిని దోషులుగా చూచుట తగదు. దినమునకు పలువురి రక్తము సమీపమున మెలగువారు వారే. అందుచే అపాయమును మొదట వారిదే. హెపటైటిస్ బి టీకా పెద్దవారికి మూడు మోతాదులు: మొదటిదానికి నెలతరువాత రెండవది, ఆఱవనెలకు మూడవది. తనిఖీపుస్తకమున తప్పులు వ్రాయుటకు ముందు, ఆ దుకాణమువారు టీకా వేయించుకొనిరా యని యడిగి, వేయించుకొననిచో వైద్యశాల త్రోవ చూపు అధికారి మాటను ఆ వీధి వినును.