‘ఇండికా కదా, ఏం గాదులే’ అనేవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు

“సిగరెట్టు లాంటిది కాదన్నా ఇది, ఇండికా. ఒళ్లు తేలికపడి హాయిగా నిద్ర పడుతుంది, అంతే.” ఫోన్లో నాలుగు వీడియోలు చూసిన కుర్రాడెవరైనా ఇంత ధీమాగానే మాట్లాడతాడు. ఆ ధీమా ఎక్కడిదో ముందు చూద్దాం.

గంజాయి మొక్కకు లినేయస్ 1753లో సటైవా అని పేరు పెట్టాడు. భారతదేశం నుంచి వెళ్లిన మొక్కలు వేరుగా కనిపించడంతో 1785లో లామార్క్ వాటిని ఇండికా అన్నాడు. అది మొక్క రూపును బట్టి పెట్టిన పేరు. పొట్టిగా, వెడల్పాటి ఆకులతో ఉన్నది మనిషిని పడుకోబెడుతుందనీ, పొడుగ్గా, సన్నాకులతో ఉన్నది హుషారిస్తుందనీ తర్వాత చెప్పుకొచ్చింది ఎక్కువగా అమ్మకందారులే. జన్యువులూ రసాయనాలూ పరీక్షించి చూసినవాళ్లకు ఆ పేర్లకూ లోపలున్న సరుకుకూ సరైన పొంతన దొరకలేదు. మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే రసాయనం. కెనడా లాంటి చోట లైసెన్సు కొట్టులో కొంటే అది ఎంత శాతం ఉందో ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది. మన దగ్గర చేతులు మారేది కాగితం పొట్లం. విశాఖ మన్యం నుంచి వచ్చిన శీలావతి రకం అన్నా, ఇండికా అన్నా, అమ్మేవాడి నోటిమాట తప్ప ఆధారం ఉండదు.

ఇక ఆ ‘హాయి’ సంగతి. పీల్చిన కొద్ది నిమిషాల్లోనే మొదలై రెండు మూడు గంటలు ఉంటుంది. నోరు ఎండుతుంది, కళ్లు ఎర్రబడతాయి, ఆకలి పెరుగుతుంది, కాలం సాగుతున్నట్టు అనిపిస్తుంది. మనిషి బయటికి నెమ్మదిగా కనిపిస్తాడు గానీ లోపల గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంది. చటుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మే నెలలో మార్కాపురం ఎండకు ఒంట్లో నీళ్లు లేనివాడు అలా లేస్తే అక్కడే కూలబడతాడు. కొందరికి హాయి మాట అటుంచి గుండెదడ, చచ్చిపోతానేమోనన్న భయం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం పట్టుకుంటాయి. ఇంట్లో ఎవరికైనా మతిభ్రమణ జబ్బు ఉంటే ఆ ముప్పు మరీ ఎక్కువ. మనిషి మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా సాగుతూనే ఉంటుంది కాబట్టి ఇంటర్ పిల్లలు దీని జోలికి అస్సలు పోకూడదు.

చేయకూడనివి

ఎవరి బ్యాగూ మోయకండి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతానికి సంబంధించి నేను మొదట చెప్పేది ఇదే. గుంటూరు–గుంతకల్లు లైను మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలలోంచి నంద్యాల పోతుంది. ఒడిశా, విశాఖ వైపు నుంచి బెంగళూరు వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌ది కూడా ఇదే దారి. “తమ్ముడూ, సీటు కింద ఈ బ్యాగు ఉంచు, గిద్దలూరులో మావాడు వచ్చి తీసుకుంటాడు” అని అయిదొందల నోటు చేతిలో పెట్టేవాడు సోదా వేళకు ఆ బోగీలో ఉండడు. పట్టుబడేది మీరు. మత్తుమందుల మీద తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి ఇరవై కిలోలు దాటితే శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. బెయిలు దొరకడం కూడా బహు కష్టం.

“కిలో లోపు అయితే కేసే ఉండదంట” అనే మాట నమ్మకండి. కిలో లోపు ఉన్నదాన్ని చట్టం చిన్న మోతాదు అంటుంది. దానికి ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. ఊరికే తాగినా ఆరు నెలల దాకా జైలుకు అవకాశం ఉంది. పాస్‌పోర్టు కోసమో పోలీసు ఉద్యోగం కోసమో చూస్తున్న కుర్రాడికి జైలు కంటే ఆ కేసు నంబరే పెద్ద శిక్ష.

కంది చేలో సాళ్ల మధ్య నాలుగు మొక్కలు ఎవరికి కనిపిస్తాయిలే అనుకోకండి. సాగుకు పదేళ్ల దాకా శిక్ష ఉంది. పొలం కౌలుకిచ్చి ఊళ్లో లేని ఆసామి కూడా ఒకటి తెలుసుకోవాలి. తన భూమిలో గంజాయి ఉందని తెలిస్తే వెంటనే అధికారులకు చెప్పవలసిన బాధ్యత అదే చట్టం 46వ సెక్షన్ అతని మీద పెట్టింది. తెలిసి కూడా నోరు మెదపకపోతే అదీ నేరమే.

మత్తులో యంత్రం ముట్టుకోకండి. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే రంపం దగ్గర పనిచేసేవాడికి అర సెకను ఆలస్యమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పైగా పలకరాయి దుమ్ముతో ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతింటుంటాయి, వాటిలోకి ఈ పొగ కూడానా? గిద్దలూరు–నంద్యాల ఘాట్ మలుపుల్లో, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే దారిలో బండి నడిపేవాళ్లదీ అదే సంగతి. మోటారు వాహన చట్టంలో మద్యం తాగి నడిపినా, మత్తుమందు తీసుకుని నడిపినా ఒకటే సెక్షన్, 185. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ.

మద్యంతోనో, మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికిన నిద్రమాత్రతోనో కలపకండి. శివరాత్రికి గంజాయి కలిపినదాన్ని “స్వామి ప్రసాదం” అని ఎవరిచ్చినా సరే, తినకండి. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదే అని ఇంకో ముద్ద మింగినవాడికి రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. ఎనిమిది గంటలైనా దిగకపోవచ్చు. గంజాయి కలిపిన చాక్లెట్లు మన రాష్ట్రంలోనూ పట్టుబడ్డాయి. అవి చిన్నపిల్లల నోట్లో పడితే స్పృహ తప్పుతుంది, ఒక్కోసారి ఊపిరి కూడా మందగిస్తుంది.

చేయవలసినవి

ఎవరికైనా మోతాదు మించిందని అనుమానం వస్తే ఒంటరిగా వదలకండి. వెలుతురూ గోలా లేనిచోట కూర్చోబెట్టి, “కాసేపట్లో దిగిపోతుంది, నేనిక్కడే ఉన్నా” అని చెబుతుండండి. మజ్జిగ, నిమ్మరసం విరుగుడని మనవాళ్ల నమ్మకం. మెలకువగా ఉన్నవాడికి నాలుగు గుక్కలు ఇస్తే నష్టం లేదు గానీ వాటితో మత్తు దిగదు. స్పృహలో లేనివాడి నోట్లో మాత్రం చుక్క కూడా పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఛాతీ నొప్పి, ఫిట్స్, ఊపిరి అందకపోవడం, పిలిచినా పలకకపోవడం, వీటిలో ఏది కనిపించినా, తిన్నది చిన్నపిల్లలైతే ఏదీ కనిపించకపోయినా, 108కి ఫోన్ చేయాల్సిందే. డాక్టరు అడిగితే ఏం తీసుకున్నాడో, ఎప్పుడో దాచకుండా చెప్పండి. పరువు గురించి ఆలోచించే వేళ కాదది.

రోజూ గంజాయి తాగేవాడు వాంతులతో పదేపదే ఆసుపత్రికి వస్తూ, వేడినీళ్లు పోసుకుంటేనే తెరిపిగా ఉందంటే, అది గ్యాస్ట్రిక్ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి గంజాయి వాడినవాళ్లకు వచ్చే జబ్బే ఒకటి అలా ఉంటుంది. మానేయడమే దానికి మందు.

మానేసినవాడికి మొదటి వారం నరకం. చిరాకు, చెమటలు, తిండి సహించకపోవడం, రాత్రంతా పిచ్చికలలు. “అది లేకపోతే నిద్ర పట్టదమ్మా” అని వాడు చెప్పేది అబద్ధం కాదు, కాకపోతే ఆ నిద్ర పట్టకుండా చేసింది కూడా అదే. రెండు మూడు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. ఆ రోజుల్లో గొలుసు వేసి కట్టేయడం, తాయెత్తు కట్టించడం, నలుగురిలో పెట్టి తిట్టడం వంటివి చేస్తే వాడు మళ్లీ ఆ స్నేహితుల దగ్గరికే పోతాడు.

సలహా కావాలంటే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వ్యసన విముక్తికి 14446 ఉంది. అమ్మేవాళ్ల సంగతి చెప్పడానికి రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972. కేసవుతుందేమోనని చికిత్సకు వెనకాడేవాళ్లు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ గురించి వకీలును అడగండి. చిన్న మోతాదుతోనో, తాగుతూనో దొరికిన బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ అది. మార్కాపురం వాళ్లు ఒంగోలు సర్వజన ఆసుపత్రికి, గిద్దలూరు వాళ్లు దగ్గర కాబట్టి నంద్యాలకు పోవచ్చు. బీపీకి, ఫిట్స్‌కు, గుండెకు ఇప్పటికే మందులు వాడుతుంటే ఆ చీటీలు కూడా వెంట తీసుకెళ్లండి.