అతుకు – ఎడము

బండిచక్రం ఒకే కొయ్యతో చేసినది కాదు. నడుమ కుండ, అందులో నాటిన ఆకులు, ఆకుల కొనలను కలుపుతూ పూటీలు – ఇన్ని ముక్కల కూర్పు అది. వడ్రంగి ఒక ముక్క కొనను సన్నగా చెక్కి, మరొకదానికి బెజ్జం తొలిచి, రెంటినీ బిగిస్తాడు. ఈ అతుకులకు కడపటి కట్టు వేసేవాడు కమ్మరి. చక్రపు చుట్టుకొలత కంటే రవ్వంత తక్కువ కొలతతో ఇనుప పట్టా చేసి ఎర్రగా కాలుస్తాడు. వేడికి సాగిన పట్టాను చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లారి ముడుచుకొనే పట్టా అతుకులన్నింటినీ ఒక్కటిగా నొక్కిపడుతుంది. కొలత మరీ తగ్గితే చక్రం వంగుతుంది. చాలినంత తగ్గకపోతే పట్టా ఊడిపోతుంది. ఆ రవ్వంత ఎంతో తెలియడమే పనితనం.

తెలుగువారు రైలు కమ్మీని కూడా పట్టా అనే అంటారు. కమ్మరికి సాయపడిన ఇనుప గుణమే రైలుమార్గం వేసేవారికి చిక్కయింది. 13 మీటర్ల ఉక్కు పట్టా, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే, సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే ఎండాకాలపు మధ్యాహ్నం దారి పక్కకు వంకర తిరుగుతుంది. రైలు పట్టాలు తప్పడానికి అంతకంటే వేరే కారణం అక్కరలేదు.

అందుకే రెండు పట్టాల నడుమ ఎడం విడిచి, ఇరువైపులా ఉక్కు పలకలు చేర్చి బోల్టులతో బిగిస్తారు. ఇవే ఫిష్‌ప్లేట్లు. ఇంగ్లండుకు చెందిన విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ వీటికి రూపమిచ్చాడు. ఈ పేరుకు చేపలతో పని లేదు. ఓడ స్తంభానికి దన్నుగా కట్టే కొయ్యను నావికులు ఫిష్ అనేవారు, ఆ మాటే రైలుకు వచ్చింది. పట్టాలోని రంధ్రాలు బోల్టుల కంటే కాస్త పెద్దవి. పట్టా కదలాలి, కాని విడిపోరాదు.

ప్రతి చక్రమూ ఆ ఎడం మీద దెబ్బ కొట్టి పోతుంది. ప్రయాణికుని చెవికి అది లయ. బోల్టుకు మాత్రం అరుగుదల. కనుకనే కీమ్యాన్ సుత్తి, స్పానరు పట్టుకొని తనకప్పగించిన దారిని దినదినమూ నడిచి చూస్తాడు. వదులైన బోల్టును బిగిస్తాడు, పగులు కనిపిస్తే ఎర్రజెండా చూపి బండిని ఆపుతాడు.

ఇప్పుడు ప్రధాన మార్గాలలో పట్టాలను అతికి పొడవుగా వేస్తున్నారు. నడిమి భాగాన్ని స్లీపర్లూ కంకరా కదలకుండా పట్టి ఉంచుతాయి. కొనలు మాత్రం సాగుతూ ముడుచుకుంటూనే ఉంటాయి; అక్కడ వాటికోసం ప్రత్యేకమైన అతుకు అమరుస్తారు.